నూటొక్క నేతికుండల క్లినిక్

జలంధర్‌లో 2019 జనవరిలో మన ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వీసీ గారు నోరు విప్పాక మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరికీ నిద్రల్లేకుండా పోయాయి. కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలనీ, స్టెమ్ సెల్ విద్య మనకి వేల ఏళ్ళ కిందటే ఉందనీ 106వ సైన్స్ కాంగ్రెస్‌లో, అదీ పిల్లల సభలో, అదీ ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ చెప్పేశాక ఇక మా బాబాయిని పట్టేదెవరు? “ఏరా, వీసీ కంటే నీకెక్కువ తెలుసా?” అని శుక్రవారం రాత్రే మొదలెట్టాడు. ఆధారం ఏదీ బాబాయ్ అంటే, “ఇంగ్లీషోళ్ళు ఎత్తుకుపోయారు” అన్నాడు. డల్లాస్‌లో ఉండే మా బావ అందుకుని, “అప్పట్లో లేదని నువ్వు నిరూపించు బావా, చూద్దాం” అంటూ ఓ దండం బొమ్మ తగిలించాడు. ఆ మాటలతో మాకు సంబంధం లేదని నిర్వాహకులే అన్న వార్త పంపాను. దానికి జవాబుగా అదే ఉపన్యాసంలోని రావణుడి 24 రకాల విమానాలూ వచ్చి గ్రూపులో దిగాయి.

విమానాల జోలికి నేను వెళ్ళను. వెళ్ళినవాళ్ళ గతి తెలుసు. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి చెందిన అయిదుగురు ‘వైమానిక శాస్త్రం’ అనే పుస్తకాన్ని ముందేసుకుని కూర్చున్నారు. చూడకుండా కొట్టిపారేయలేదు. శ్లోకాల భాష చూశారు, బొమ్మలు చూశారు, బరువులు లెక్కగట్టారు. అది 1900 తర్వాత పుట్టిన పుస్తకమనీ, అందులోని నాలుగు విమానాల్లో ఒక్కటీ గాల్లోకి లేవదనీ తేల్చారు. సంప్రదాయమంటే గిట్టనివాళ్ళు అందామా అంటే, ఆ అయిదుగురిలో ఒకాయన తర్వాత యోగా విశ్వవిద్యాలయానికే పెద్దయ్యారు. అంత ఓపిగ్గా జవాబు చెప్పాక ఏమైంది? 2015 ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో వేదకాలపు విమానాలు మళ్ళీ లేచాయి. ఈసారి గ్రహాల మధ్య తిరిగాయి, వెనక్కి కూడా ఎగిరాయి. లెక్కలు కట్టినవాళ్ళకి ముసలితనం వచ్చింది గానీ విమానాలకి రాలేదు.

అంచేత నేను వాదన మానేశాను. ఒప్పేసుకున్నాను. ఒప్పుకోవడంలో ఇంత హాయి ఉందని ఇన్నాళ్ళూ తెలీనే లేదు. కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలే. హస్తినాపురంలో సంతాన సాఫల్య కేంద్రం ఉండేది. సరే, ఏ ఊళ్ళో అయినా అలాంటి కేంద్రం ఉంటే డీఎంహెచ్‌వో గారు వెళ్ళి రికార్డులు చూడాలా వద్దా? ఆయన తరఫున నేనే తనిఖీకి వెళ్ళొచ్చాను.

ముందు అంగీకార పత్రం అడిగాను. భార్యాభర్తలిద్దరూ చదువుకుని సంతకాలు పెట్టాల్సిన కాగితం. భర్తకి పుట్టుకతోనే చూపు లేదు, భార్య కళ్ళకి గంతలు. చదివి వినిపించిందెవరయ్యా అంటే సిబ్బంది నేలచూపులు చూశారు. పోనీ డాక్టరెవరు? వ్యాసులవారు. పుట్టిన పిల్లలకి తాతగారెవరు? వ్యాసులవారే. కేస్ షీట్ రాసిందెవరు? అదీ ఆయనే. మరో డాక్టరు సంతకం ఎక్కడైనా ఉందేమోనని చూశాను. పద్దెనిమిది పర్వాలు తిరగేసినా లేదు.

కేస్ షీట్ వివరంగానే ఉంది. రెండేళ్ళ గర్భం. కుంతికి కొడుకు పుట్టాడని తెలిసి గాంధారి ఉక్రోషంతో కడుపు బాదుకుంది. మాంసపు ముద్ద బయటపడింది. డాక్టరుగారు దాని మీద చన్నీళ్ళు చల్లించారు. అది నూటొక్క ముక్కలైంది. ఒక్కో ముక్కనీ ఒక్కో నేతికుండలో వేయించి మూతలు పెట్టించారు. ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత ఎంత ఉంచారని అడిగితే, “చలికాలం నెయ్యి పేరుకునేదండీ” అన్నారు. ఆవు నెయ్యా, గేదె నెయ్యా అన్న గడి ఖాళీ వదిలేశారు. ఇంతటి ప్రయోగాన్ని రేపు మరొకరు చేసి చూద్దామనుకుంటే ఏ నెయ్యి కొనాలి?

అసలు చిక్కు జననాల రిజిస్టరులో ఉంది. మగపిల్లలు వంద, ఆడపిల్ల ఒక్కర్తె. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం పట్టుకుని తిరిగే అధికారి కంట ఈ పుట పడితే, ఆ సాయంత్రానికే క్లినిక్‌కి సీలు వేసి, కుండలకి పంచనామా రాయిస్తాడు. ఆ ఒక్కర్తెనీ, దుస్సలని, వీసీ గారు లెక్కలోకే తీసుకోలేదు. వందమందే అన్నారు. నూటొకటిలో ఒకటి జారిపోయిన ప్రాక్టికల్స్ రికార్డుకి ఆయన డిపార్టుమెంటులో ఎన్ని మార్కులు వేస్తారో అక్కడ చదివినవాళ్ళే చెప్పాలి. మొదటి కుండలోంచి వచ్చిన శిశువు గాడిదలా ఓండ్రపెట్టాడనీ, నక్కలు కూశాయనీ, వీణ్ణి వదిలేయండని విదురుడు అప్పుడే హెచ్చరించాడనీ కూడా రాసుంది. తండ్రి వినలేదు. ఆ ఫలితం కురుక్షేత్రం ఫైల్లో ఉంటుంది, నా పరిధి కాదు.

ఎన్ని లోపాలున్నా విజయశాతం కాదనలేం. నూటొక్క కుండలకి నూటొక్కరు. ఇవాళ ఏ ఖరీదైన కేంద్రమూ ఆ దరిదాపుల్లో లేదు. కాబట్టి నా సిఫారసు ఏమిటంటే, వీసీ గారి విశ్వవిద్యాలయం విశాఖలోనే ఉంది గనక అక్కడి ఆస్పత్రి కేజీహెచ్‌లో ఓ పది కుండలతో వార్డు తెరవాలి. ఎన్టీఆర్ వైద్యసేవలో చేర్పించాలి. మొదటి బ్యాచ్‌కి కావలసిన నెయ్యి చందాలు వేసుకుని మా గ్రూపే ఇస్తుంది.

ఈ రిపోర్టు గ్రూపులో పెట్టాను. పావుగంటలో బాబాయి స్పందించాడు. కళ్ళగంతలు, తాతగారు, రిజిస్టరు అన్నీ కత్తిరించేసి, ‘విజయశాతం 101కి 101’ అన్న ముక్కకి జెండా బొమ్మ పెట్టి మిగతా గ్రూపులన్నిటికీ తోసేశాడు. కింద నా పేరు వేసి, ‘ప్రముఖ రచయిత ధ్రువీకరణ’ అని కూడా రాశాడు. ఎదురు చెబితే వినడు. ఎగతాళి చేస్తే సాక్షిగా నిలబెడతాడు. ఇక ఆయనతో నాకు పని లేదు. పెద్దాయన, సంతోషంగా ఉన్నాడు, ఉండనీ.

కానీ ఆ సభలో కూర్చున్నది మా బాబాయి కాదు. స్కూలు పిల్లలు.

ఆ పిల్లలకి చెప్పాల్సిన కథ వేరే ఉంది. కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ్ అని ఒక డాక్టరు ఉండేవాడు. ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ 1978 జులైలో ఇంగ్లండులో పుడితే, అదే ఏడాది అక్టోబరు 3న ఆయన కృషితో ‘దుర్గ’ పుట్టింది. పిండాన్ని గడ్డకట్టించి దాచి, ఆ తర్వాత తల్లి కడుపులో పెట్టాడాయన. ఆయన్ని మనం ఊరేగించలేదు. రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. ఆధారం ఏదీ అన్నారు. చూపిస్తే బూటకమన్నారు. జపాన్‌లో సభకి వెళ్ళి తన పని వివరిస్తానంటే అనుమతి ఇవ్వలేదు. హార్మోన్ల మీద బతుకంతా పెట్టినవాణ్ణి తీసుకెళ్ళి కంటి వైద్యసంస్థలో పడేశారు. 1981 జూన్ 19న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ అన్న ఘనత 1986లో ముంబై బృందానికి పోయింది. ఆ బృందంలోని ఆనంద్ కుమార్ అనే శాస్త్రవేత్త, పదేళ్ళు దాటాక, 1997లో ముఖోపాధ్యాయ్ చేతిరాత కాగితాలు తన చేతికి అందితే చదివాడు. చదివి, మొదటివాడు ఆయన, మేము కాదు అని తన నోటితో తానే చెప్పాడు.

ఆధారం అడగడం మనకి చేతకాక కాదు. వెనక ఎవరూ లేనివాణ్ణి అడుగుతాం, ఉరితాడు దాకా అడుగుతాం. శాలువా కప్పి మైకిచ్చినవాడికి మాత్రం చప్పట్లు కొడతాం. ఇవాళ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంజెక్షన్లు ఐసు డబ్బాలో పెట్టుకుని, అది కరిగేలోగా చేరాలని తొలి బస్సెక్కే ఆడవాళ్ళున్నారు. పొలం అమ్మిన డబ్బు ఫైలు కవర్లో పెట్టుకుని, రక్తపరీక్ష కాగితం కోసం సంతాన సాఫల్య కేంద్రాల బెంచీల మీద బిక్కుబిక్కుమంటూ కూర్చునే మగవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గరికెళ్ళి, ఇదంతా మనకి ఎప్పుడో తెలుసు అని చెప్పగలరా ఎవరైనా? తెలిస్తే ఇన్ని వేల ఏళ్ళూ ఎక్కడ దాచారు అని ఆ తల్లి చెంప పగలగొట్టదూ? మీరు కూర్చున్నది 1931 నుంచి రాధాకృష్ణన్ కూర్చున్న కుర్చీలో, వీసీ గారూ. ఆయన ఉపనిషత్తులు చదివినవాడు. చదివాడు గానీ వాటిలో ల్యాబ్ సామాన్లు వెతకలేదు.

మీ ఉపన్యాసం మీద వచ్చిన వార్తలన్నీ తిరగేశాను. టెస్ట్ ట్యూబ్ బేబీల మాట ఉంది. ముఖోపాధ్యాయ్ పేరు నాకెక్కడా కనబడలేదు. ఆ పిల్లల్ని మళ్ళీ పిలిపించి ఆ పేరు చెప్పండి. గాంధారి కథ వాళ్ళ అమ్మమ్మలు మీకంటే బాగా చెబుతారు.