అల ముందు రెండువందల యాభై గుర్రాలు

అమెరికాలో బాస్ చేపల వేటకు పడవ కొనేవాడు ముందు చూసేది రంగు. తళుకుతళుకుమనే పెయింటు, దానికి జోడీగా అదే రంగు పికప్ ట్రక్కు. తర్వాత అడిగేది వేగం. రెండువందల యాభై గుర్రాల ఇంజనుతో గంటకు డెబ్బై మైళ్లు దాటుతుందనగానే, లక్ష డాలర్లకు అటూ ఇటూ ఉన్న ధరకు ఏళ్ల తరబడి వాయిదాల మీద సంతకం పెట్టేస్తాడు. పడవ అంచు నీటికి ఎంత ఎత్తులో ఉంటుందని అడిగినవాణ్ని మాత్రం షోరూంలో వింతగా చూస్తారు.

ఈ జాతి పడవ 1948లో లూసియానాలో పుట్టింది. నిలకడ నీళ్లలో, చెట్ల మొద్దుల మధ్య నిలబడి గాలం విసరడానికి. అందుకే పైన చదును బల్ల, పక్కలు పొట్టి. ఆ పనికి దాన్ని మించింది లేదు. దాన్ని ఈరీ సరస్సుకు తోలుకెళ్లినప్పుడే గొడవ.

గ్రేట్ లేక్స్ అయిదింటిలో ఈరీ లోతు తక్కువది, సగటున 62 అడుగులు. లోతు తక్కువైతే భయమూ తక్కువేనని మనవాడి లెక్క. కానీ నైరుతి గాలి దాదాపు 240 మైళ్ల పొడవునా తోసుకొచ్చిన నీటికి కింద చోటు చాలదు. అలలు నిటారుగా, ఒకదాని వీపు మీద ఒకటిగా లేస్తాయి. మొదటి అల దిగేసరికి పడవ ముక్కు రెండోదాని కడుపులో ఉంటుంది, ఆ నీళ్లన్నీ ఒళ్లో ఉంటాయి. అక్కడ డెబ్బై మైళ్ల పడవ పదిహేనుకు పాకుతుంది. మిగతా యాభై అయిదుకూ వాయిదా కట్టాల్సిందే.

వాతావరణ శాఖ "రెండు నుంచి నాలుగడుగుల అలలు" అంటుంది. ఆ అంకె పెద్దవైన మూడో వంతు అలల సగటు. దానికి రెట్టింపుదీ అప్పుడప్పుడు వస్తుంది. మనవాడికి "రెండు" అన్నంతవరకే వినిపిస్తుంది.

ఇరవై అడుగుల లోపు పడవకు ఎంత బరువు మోస్తుందో చెప్పే రేకు ఉండాలని, నీళ్లు నిండినా తేలాలని అమెరికా చట్టం. ఇరవై దాటితే ఆ రెండూ కంపెనీ దయ. షోరూం సలహా ఏమిటంటారా? "పెద్ద నీళ్లకు ఇరవై ఒకటి తీసుకోండి సార్!"

ఇక ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, అడుగున చేరిన నీళ్లు తోడే పంపు దగ్గర పొదుపు. దానిమీద గంటకు వెయ్యి గ్యాలన్లని రాసి ఉంటుంది. గొట్టం తగిలించి, నీటిని పైకెత్తి అంచు దాటించేసరికి ఆ వెయ్యి వెయ్యిగా ఉండదు.

ఈరీ మీద వాలై చేపల వేటకు తీసుకెళ్లే గైడ్లను చూడండి. ఎత్తు పక్కలు, లోతైన 'వి' ఆకారపు అడుగు, ముందు గాలి అద్దం ఉన్న అల్యూమినియం పడవలు ఎంచుకుంటారు. తళుకు లేదు, డెబ్బై లేదు. కాబట్టి మనవాడి దృష్టిలో అది పడవే కాదు, స్నానాల తొట్టి.

పడవ పరుగులో ఉన్నంతసేపూ, నడిపేవాడు పడిపోతే ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి నియమం. మనవాడి పడవలో ఆ తాడు స్టీరింగుకు దండలా వేలాడుతోంది. లైఫ్ జాకెట్ సీటు కింద భద్రం. పోటీలో తూకం వేసి మళ్లీ నీళ్లలో వదిలేయాల్సిన అయిదు చేపలకు మాత్రం మూత బిగించిన తొట్టి, ఆగకుండా గాలి కొట్టే యంత్రం, వేడెక్కకుండా ఐసు.