మెరుగుల బావమరిది

మా బావమరిదికి వైస్ సిటీ ఆటంటే ప్రాణం. ఆడటం మాత్రం ఎప్పుడో మానేశాడు.

2002లో వచ్చిన ఆట అది. మరుసటేడు కంప్యూటర్లలోకీ దిగింది. డిగ్రీ రోజుల్లో బస్సు పాసు డబ్బులన్నీ నెట్ సెంటర్‌కే పోసేవాడు. ‘పాంజర్’ అని కొడితే చాలు, రోడ్డు మీద యుద్ధ ట్యాంకు ప్రత్యక్షం. ఆ వైభవంలో, హీరో టామీ చేతివేళ్లు అతుక్కుపోయి అట్లకాడల్లా ఉన్నాయని ఎవడికి పట్టింది?

ఇప్పుడు పట్టింది. జీతం పెరిగాక, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నాక పట్టింది.

ఆ పాత ఆటకే మెరుగులు దిద్దడం ముందు టామీ పూల చొక్కాతో మొదలెట్టాడు. దాని టెక్స్చర్ మారిస్తే పువ్వులు నిగనిగలాడాయి గానీ పైనున్న మొహం వెలవెలబోయింది. మొహం మార్చాడు. వెనకాల గోడ పాతబడింది. హాలుకి రంగు వేయించినవాడికి వంటగది మసి కనబడకుండా ఉంటుందా? అలా రోడ్లూ, కార్లూ, కొబ్బరిచెట్లూ అయ్యాయి. ఆకాకూ విడివిడిగా ఊగే చెట్లు పెట్టిన రోజు కంప్యూటర్ ఫ్యాను పిండి మరలా మోగింది. అయినా టామీ అడుగు తీసి అడుగు వేయడానికి ఆపసోపాలు పడ్డాడు.

తర్వాత నడకల మీద పడ్డాడు. జనం నడకలన్నీ ‘పెడ్’ అనే ఒక్క ఫైల్లో ఉంటాయిట. అందులో రాత్రంతా ఏం కెలికాడో, తెల్లారేసరికి ఊళ్లో పోలీసులంతా వయ్యారాలు పోతున్నారు.

“రెడీమేడ్‌గా కొత్తది అమ్ముతున్నారటగా?” అన్నాను.

“అదా బావా!” అని పెదవి విరిచాడు. 2021లో కంపెనీవాళ్లే దీంతో సహా మూడు ఆటలు కలిపి కొత్తగా తీర్చి వదిలితే, ఆ మొహాలేంటి, ఆ వానేంటి అని జనం దుమ్మెత్తిపోశారు. వాళ్లు క్షమాపణ చెప్పుకున్నారు. మావాడికి ఆ క్షమాపణ సొంత డిగ్రీ పట్టాలాంటిది, వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

“అన్నయ్యా, బాత్రూం కొళాయి నాలుగు నెలలుగా కారుతోంది” అంది మా చెల్లెలు. వాళ్లాయన వినలేదు. సముద్రానికి కొత్త నీళ్లు పెడుతున్నాడు.

నిజం చెప్పాలి, నీళ్లు అద్భుతంగా వచ్చాయి. సూర్యాస్తమయం అలల మీద విరిగి విరిగి మెరిసింది. ఏడేళ్ల కొడుకు కీబోర్డు లాక్కుని టామీని తిన్నగా అందులోకి దూకించాడు. టామీ మునిగాడు, పోయాడు. ఈ ఆటలో అతనికి ఈత రాదు.

“ఇన్ని నీళ్లు పెట్టావు, ఈత నేర్పలేదేంటి నాన్నా?”

బావమరిది ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ ‘పెడ్’ ఫైలు తెరిచాడు.

లోపల కొళాయి కారుతూనే ఉంది.