మూడు లక్షలు, ఒక హాలు: హైఫై బడ్జెట్ పంచే పద్ధతి

బోనస్ పడింది. హాల్లో ఉన్న పాత సిస్టమ్ మార్చాలని మీరు తీర్మానించుకున్నారు. చేతిలో మూడు లక్షలున్నాయి. ఖాజాగూడలో ఫ్లాటుకి ఈఎంఐ కడుతూ అంత మిగుల్చుకున్నారంటే మీరు సమర్థులే, ఇక ఆ డబ్బు పంచడమే మిగిలింది. తెలిసినవాళ్లు స్పీకర్లకు సగం పెట్టమంటారు, గది సంగతి చూసుకోమంటారు. రెండూ ఒళ్లు వంచాల్సిన పనులు. జరపాలి, టేపు పట్టి కొలవాలి, విని పోల్చాలి. అందుకని పెట్టె విప్పి తగిలిస్తే అయిపోయే వస్తువుల మీదే డబ్బు పెట్టండి. శనివారం మధ్యాహ్నానికల్లా పని ముగించి పడుకోవచ్చు.

1. మొట్టమొదట కేబుళ్లు కొనండి. లక్షా ఇరవై వేలు వీటికే తీసిపెట్టండి. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. అయిదు మీటర్ల దూరానికి, పోను రాను కలిపి, దాని నిరోధం 0.07 ఓమ్‌కు అటూ ఇటూ. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఒక శాతం కూడా కాదు. ఈ లెక్క తెలిసినా పైకి అనకండి. బొటనవేలంత లావున్నది, గుడ్డ తొడుగున్నది, చెక్కపెట్టెలో వచ్చేది తీసుకోండి. పవర్ కార్డ్ కూడా అదే జాతిది కొనండి. సబ్‌స్టేషన్ నుంచి మీ గోడ దాకా వచ్చేది మామూలు తీగే కావచ్చు, చివరి మీటరున్నర మాత్రం మీ సొంతం. వచ్చినవాళ్ల కళ్లు ముందు దాని మీదే పడతాయి.

2. డిజిటల్ పాటను అనలాగ్ సంకేతంగా మార్చే డాక్‌కి ఎనభై వేలు ఇవ్వండి. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని దాని మొహం మీద వెలగాలి. మనిషి చెవికి అందేది 20 కిలోహెర్ట్జ్ వరకే, 1982లో వచ్చిన సీడీ 44.1 కిలోహెర్ట్జ్‌తోనే అంత మేరా పట్టేసింది. నలభై దాటినవాళ్లలో చాలామందికి 15 కిలోహెర్ట్జ్ పైన వినికిడే తగ్గిపోతుంది. అయినా పెద్ద అంకె పెద్ద అంకే. కొన్నాక దానికి ఫోన్‌ని బ్లూటూత్‌లో కలిపి యూట్యూబ్ పెట్టుకోండి. బ్లూటూత్ పాటను పిండి చిన్నది చేసి పంపుతుంది, కానీ సోఫాలోంచి లేవనక్కర్లేదు. ఎవరైనా అడ్డు చెబితే స్కాట్లండ్ లిన్ కంపెనీని అడ్డం పెట్టుకోండి. 1970లలో వాళ్లు సిస్టమ్‌లో మొదటి ప్రాధాన్యం పాట పుట్టే చోటికే, అంటే టర్న్‌టేబుల్‌కే అని వాదించారు. వాళ్లు చెప్పింది బ్లూటూత్ గురించి కాదని ఎదుటివాళ్లు వెతికి తెలుసుకునేలోపు టాపిక్ మార్చేయండి.

3. యాంప్లిఫయర్‌ను వాట్లు చూసి కొనండి. డెబ్బై వేలు చాలు. 86 డెసిబెళ్ల సామర్థ్యం ఉన్న స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెళ్లు వస్తాయి, హాల్లో మాటలు ఆగిపోయేంత మోత. 50 వాట్లను 100 చేస్తే అదనంగా దక్కేది 3 డెసిబెళ్లు. చెవికి రెండింతలు అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. కాబట్టి 200 వాట్ల దాన్నే తెచ్చి, వాల్యూమ్ తొమ్మిది గంటల ముల్లు దగ్గర ఉంచి, "ఇంకా ఎంతుందో చూశారా" అనండి. ఆ మాట కోసమే అది.

4. సామాను పెట్టుకునే ర్యాక్‌కి ఇరవై వేలు. గాజు అరలు, స్టీలు కాళ్లు.

5. మిగిలిన పదివేలతో స్పీకర్లు. శబ్దాన్ని అన్నింటికంటే ఎక్కువ మార్చేది ఇవే, వీటి తర్వాత గది. అందుకే వీటితో గొడవలు కూడా ఎక్కువ: ఎక్కడ పెట్టాలి, ఎంత వంచాలి, గోడకి ఎంత దూరం. చవకవి కొంటే ఆ బెంగే ఉండదు, ఎక్కడ పెట్టినా ఒకలాగే ఉంటాయి. ఒకటి టీవీ యూనిట్ మీద పెట్టండి, రెండోది సోఫా వెనక మూలకు తోయండి. మూల తగిలితే బాస్ దానంతట అదే ఉబ్బుతుంది, సబ్‌వూఫర్ డబ్బులు మిగిలినట్టే.

6. గదిని ముట్టుకోకండి. ఖాజాగూడ టవర్లలో హాలంటే విట్రిఫైడ్ టైల్స్, బాల్కనీకి గాజు తలుపు, పైన జిప్సం ఫాల్స్ సీలింగ్. చప్పట్లు కొడితే తిరిగి మీకే వినిపిస్తాయి. రెండు గోడల మధ్య 12 అడుగులుంటే దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తాను మోగుతుంది, మృదంగం ఎడమవైపు, బాస్ గిటార్ కలిసి గుమ్మని ఒకే ముద్దవుతాయి. తివాచీ, మందపాటి పరదాలు, పుస్తకాల బీరువా ఉంటే పై స్థాయి ప్రతిధ్వని తగ్గుతుంది. సోఫాను గోడ నుంచి రెండడుగులు జరిపితే ఆ ముద్ద కూడా కొంత విడుతుంది. ఇదంతా దాదాపు ఉచితం, అందుకే దీనికి ఎవరూ లైక్ కొట్టరు. తివాచీ ఉంటే దుమ్ము పడుతుందని చెప్పి తీయించేయండి. మాటలు స్పష్టంగా లేవని అత్తయ్య అంటే, ఆ పాట రికార్డింగే అంత అనండి. 1950ల ఘంటసాల పాటలైతే ఈ సాకు ఇంకా బాగా పనికొస్తుంది. అవి మోనోవి, ఎవరూ ఎదురు చెప్పలేరు.

7. నాన్నగారి పాత యాంప్లిఫయర్, సోనోడైన్ స్పీకర్లు అటక మీద ఉంటే వెంటనే పాత సామాన్లవాడికి ఇచ్చేయండి. ఆ కలకత్తా కంపెనీ స్పీకర్లలో సాధారణంగా పోయేది చుట్టూ ఉన్న ఫోమ్ అంచు, అది కొత్తది అతికించొచ్చు. యాంప్లిఫయర్‌లో ఎండిపోయిన కెపాసిటర్లను కోఠీలో మెకానిక్ మారుస్తాడు. కానీ కోఠీలో పార్కింగ్ దొరకదు. పైగా అవి బాగుపడితే కొత్తవి కొనడానికి కారణమే పోతుంది.

8. వినడానికి జూబ్లీహిల్స్ షోరూమ్‌కి వెళ్లండి, కొనడానికి కాదు. ఏసీ ఉంటుంది, టీ ఇస్తారు, మెత్తని కుర్చీలు. రెండు సెట్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయమని అడగకండి. కాస్త పెద్దగా మోగిందే చెవికి మంచిదనిపిస్తుంది, నిర్ణయం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మీ ఇంటి హాలుకి తెచ్చి చూపిస్తామని వాళ్లంటే ఒప్పుకోకండి. అక్కడ నిజం తెలిసిపోతుంది. ఫోన్ నంబరు అడిగితే చివరి అంకె మార్చి చెప్పి, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టండి.

9. ఇంట్లో చెప్పే లెక్క ముందే తయారు చేసుకోండి. పార్సిళ్లన్నీ ఆఫీసుకి తెప్పించుకోండి, ఇంటికైతే గేటు యాప్ మీ ఆవిడ ఫోన్‌లోనే మోగుతుంది. వారానికొకటి చొప్పున లాప్‌టాప్ బ్యాగులో తేవాలి. యాంప్లిఫయర్ పట్టదు కాబట్టి దాన్ని ఆవిడ ఊరెళ్లిన రోజున తెండి. "ఏవండీ, ఇదెంత" అంటే "పాతదానికి ఎక్స్ఛేంజ్‌లో వచ్చింది" అనండి. అటక ఖాళీగా ఉంది కాబట్టి సాక్ష్యం సరిపోతుంది. నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకుంటే ఒకేసారి పెద్ద అంకె కనబడదు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ స్టేట్‌మెంట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్టేట్‌మెంట్‌ను పేపర్‌లెస్ చేయించండి.

10. గుర్రుమని శబ్దం వస్తే ఎర్తింగ్ చూపించమని ఎలక్ట్రీషియన్‌ని పిలవకండి. అది అనలాగ్ వెచ్చదనం అని చెప్పండి. వెచ్చదనం నచ్చలేదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

11. టర్న్‌టేబుల్ కూడా తెచ్చుకుంటే స్పీకర్ మీదే పెట్టండి, ర్యాక్‌లో చోటు మిగులుతుంది. స్పీకర్ అదురు ముల్లుకు చేరి మళ్లీ స్పీకర్‌లోకే వస్తుంది. ఊళ పెడుతుంది. అప్పుడు దానికోసం ఇరవై వేల ఐసోలేషన్ ప్లాట్‌ఫామ్ కొనే అవకాశం దొరుకుతుంది.

12. రాత్రి పదకొండుకే అసలు వినడం. కింది ఫ్లాటు అంకుల్ ఫోన్ చేసి, 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతంలో 45 డెసిబెళ్లే అంటారు. "మాది కాదండీ అంకుల్, గుట్ట దగ్గర రాయి కొడుతున్నారు" అనండి. ఫక్రుద్దీన్ గుట్ట చుట్టుపక్కల 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్‌ను కొట్టి కట్టడాలు లేపుతున్న రోజులివి, అంకుల్ నమ్మేస్తారు. బాస్ కాంక్రీట్‌లోంచి దిగుతుంది, తలుపు మూసినా ఆగదు. అసోసియేషన్ గ్రూపులో గొడవ మొదలైతే మొదటి మెసేజ్ మీరే పెట్టండి: "ఈ శబ్దం ఎక్కడిదో ఎవరైనా కనుక్కోండి."

13. ఆరు నెలలకు విసుగు పుడితే అమ్మేయండి. పుడుతుంది, పది వేల స్పీకర్లలోంచి మూడు లక్షలు వినబడవు కదా. వాడిన కేబుల్‌కి కొన్న ధరలో మూడోవంతు వచ్చినా ఒప్పుకోండి. కొనేవాడు మీ టీమ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాడైతే సులువు, అప్రైజల్ ముందు అడగండి. చెక్కపెట్టె మాత్రం ఇవ్వకండి. రిమోట్లు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది.