సేఠూ, బావగారూ, మధ్యలో ఐదో జార్జీ

మా బావగారికి కిలో వెండి ధర తెలియని రోజు లేదు, కిలో కందిపప్పు ధర తెలిసిన రోజూ లేదు. రైల్వేలో రిటైరై పెరంబూరులో ఇల్లు కట్టుకున్న మనిషి. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ముందు వెండి రేటు చూస్తారు, ఆ తరవాతే దేశంలో ఎవరు గెలిచారో, ఎవరు పోయారో. ఇలాంటివాళ్ళు ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. బీరువాలో పట్టుచీరల అడుగున ఓ గుడ్డమూట ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. చెన్నపట్నంలో ఈ జబ్బు ముదరడానికి కారణం సేఠుల వెండికొట్లున్న షావుకారుపేట.

శనివారం శనివారం ఆయన కొత్వాల్ చావడి దగ్గరి కన్యకాపరమేశ్వరి గుడికని బయల్దేరతారు. అబద్ధం కాదు. అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాకే మింట్ స్ట్రీట్ వైపు తిరుగుతారు. కంపెనీవారి టంకశాల ఒకప్పుడు ఆ వీధిలోనే ఉండేది, 1869లో మూతపడింది. అక్కడ రూపాయలు కొట్టడం ఆగి నూటయాభై ఏళ్ళు దాటినా, రూపాయల కోసం కొట్లాడుకోవడం మా బావగారి పుణ్యమా అని ఇంకా ఆగలేదు.

ఆయన చొక్కా జేబులో మూడు వస్తువులుంటాయి: భూతద్దం, అరచేతిలో పట్టే తూకం మిషను, మనవడి బొమ్మలోంచి ఊడబీకిన అయస్కాంతం. కొట్లో గాజుబల్ల మీద నాణెం మోగించి చూపిస్తే ఒప్పుకోరు. గాజు మీద రేకైనా మోగుతుందట. గడప రాయి మీద వేసి ఖంగుమనిపించాలి. ఆ చప్పుడు వింటున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటారు. మా అక్కయ్య వంటింట్లోంచి పిలిచినప్పుడు అందులో పదో వంతు శ్రద్ధ చూపించినా ఆ కాపురం మరోలా ఉండేది.

ఇక బేరం. ఐదో జార్జి రూపాయి అనుకోండి. 11.66 గ్రాముల తూకం, 91.7 శాతం వెండి, అంటే అసలు సరుకు 10.69 గ్రాములు. ఈ లెక్క బావగారు నిద్రలో కూడా చెప్తారు. సేఠుకి తెలియక కాదు, కానీ అమ్మేటప్పుడు ఆయన నోట గ్రాములన్న మాట రాదు.

“1918 నాటిది సార్. రాజుగారి గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఇది చరిత్ర సార్!”

“చరిత్ర కావాలంటే కన్నిమెరా లైబ్రరీకి పోతాను సేఠ్‌జీ. మీ దగ్గరున్నది వెండి. తూకం వెయ్యండి.”

ఆర్నెల్ల తరవాత అదే నాణేన్ని బావగారు అమ్మకానికి పట్టుకెళ్తారు. సేఠు దాన్ని కళ్ళతో కాదు, తక్కెడతోనే చూస్తాడు. “అరిగిపోయింది సార్. పాత వెండి రేటే. కరిగించాల్సిందే, తరుగు కూడా పోతుంది.”

“కరిగిస్తారా? 1918 నాటి చరిత్రని కరిగిస్తారా?” అని బావగారు గుండె పట్టుకుంటారు.

ఇద్దరూ నిజాయితీపరులే. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకది రాజు, ఎదుటివాడి చేతిలో ఉంటే లోహం. తమిళంలో మొదలైన బేరం తెలుగులో ముదిరి, హిందీలో తెగుతుంది, లేదా తెగకుండానే టీ వస్తుంది.

ఈ విద్య వల్ల మా ఇంటికి జరిగిన అన్యాయం ఒకటి చెప్పాలి. అక్కయ్య పెళ్ళిలో మా నాన్న వెండి పళ్ళెంలో పాత రూపాయలు పోసి అల్లుడి చేతిలో పెట్టాడు. అప్పుడందరూ ఆహా అన్నారు. చాలా ఏళ్ళకి బావగారికి ఈ పిచ్చి పట్టాక ఆ మూట విప్పి ఒక్కొక్కటే అంచు మీద గోరు పెట్టి చూశారు. యుద్ధకాలంలో వెండికి కరువొచ్చి ప్రభుత్వం 1940లో రూపాయిలో వెండిని సగానికి దించేసింది. దొంగనాణేలు కొట్టేవాళ్ళకి లొంగకుండా అంచు గీతల మధ్య సన్నగా గాడి కూడా తీయించింది. పళ్ళెంలో చాలావాటికి ఆ గాడి తగిలింది. ఆరో జార్జి బొమ్మవి, 1944, 1945 నాటివి. ఒక్కోదానిలో వెండి 5.83 గ్రాములే! అప్పట్నుంచి ప్రతి సంక్రాంతికీ ఆ లోటుని ఆనాటి ధరకి తాజాగా లెక్కగట్టి నాకు వినిపిస్తారు. వెండి పెరిగినకొద్దీ పోయిన మా నాన్న మరింత మోసగాడవుతున్నాడు.

అక్కయ్య మాత్రం ఈ బాకీ ఓ వరలక్ష్మీవ్రతం నాడు తనకి తెలియకుండానే తీర్చేసింది. కలశంలో వెయ్యడానికి మూటలోంచి విక్టోరియా రాణి రూపాయలు తీసి, నల్లగా ఉన్నాయని విభూతి పెట్టి తళతళలాడేట్టు తోమింది. సేకరించేవాళ్ళకి ఆ నలుపే ప్రాణం. తోమిన నాణెం తూకానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. మాసిన వెండి అమ్మవారికెలా పెడతానని ఆవిడ ప్రశ్న. ఆ పూట బావగారు పూర్ణంబూరెలు కూడా ముట్టలేదు. సాయంత్రం ముట్టారు.

ఇంత సతాయించే మనిషి దగ్గర నాకు నచ్చేదీ ఉంది. ఇరుగుపొరుగువాళ్ళు ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818 అని రాసి ఆంజనేయస్వామి బొమ్మ వేసిన బిళ్ళలు పట్టుకుని, కోట్లు పలుకుతుందట కదా అని ఆశగా వస్తారు. కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ కొట్టలేదు. అయినా బావగారు నవ్వరు. రెండు చేతులా అందుకుని, భూతద్దం పెట్టి తీరిగ్గా చూసి, “ఇది అమ్మేది కాదమ్మా, పూజలో పెట్టుకో” అని పంపిస్తారు. సేఠుతో అర్ధరూపాయికి గంటసేపు పోరాడే మనిషేనా అనిపిస్తుంది.

మూటలో ఎవరికీ ధర చెప్పనిది ఒక్కటే, 1808 ప్రాంతంలో కంపెనీ మద్రాసులో కొట్టిన వెండి పావు పగోడా. ఒకవైపు నక్షత్రాల నడుమ గుడిగోపురం, చుట్టూ ఇంగ్లీషు, పారసీ. రెండోవైపు దేవుడు, చుట్టూ తమిళం, తెలుగు. ఇది తీసినప్పుడల్లా ఆయనకి ‘మద్రాసు మనదే’ రోజులు పూనుతాయి. “చూడవోయ్! తెలుగు లేకుండా దొరలు ఈ ఊళ్ళో చిల్లర కూడా ఇవ్వలేకపోయారు. 1953కి ముందు మనవాళ్ళు ఇదొక్కటి ఢిల్లీ పట్టుకెళ్ళి నెహ్రూగారి బల్ల మీద మోగించి ఉంటేనా…” ఇదంతా గుసగుసగానే. పై వాటాలో అద్దెకున్న తమిళాయన వింటే, పక్కనే తమిళం కూడా ఉంది కదా సార్ అంటాడని భయం.

కొనడమే కానీ అమ్మడం ఎప్పుడని అడిగితే హంట్ సోదరుల కథ వస్తుంది. ఆ అమెరికా అన్నదమ్ములు వెండిని ఎగబడి కొని, 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దగ్గరికి తెచ్చారు. మార్చికల్లా కుప్పకూలింది. ధర పడితే “చూశావా, ఇప్పుడమ్మితే నష్టం” అనడానికీ ఇదే కథ, పెరిగితే “ఆగు, హంట్ సోదరులు తొందరపడ్డారు” అనడానికీ ఇదే. నాకూ కంఠతా వచ్చేసింది. ఈమధ్య ఎవరింట్లోనైనా వెండి రూపాయి చేతికిస్తే నా గోరు దానంతటదే అంచు మీదకి పోతోంది.

2025 దీపావళి నాటికి కిలో వెండి లక్షన్నర కూడా దాటింది. ఐప్పసి వానలకి డాబా కారుతోంది. అక్కయ్య సంచి చేతికిచ్చి, “ఏమండీ, ఇవాళ అమ్మి రాకపోతే ఇంటికి రాకండి” అంది. సంచిలో పదిహేను జార్జి రూపాయలు. నేను సాక్షిగా తోడెళ్ళాను. సేఠు ఆశ్చర్యపోయి, తూకానికి ముందే టీ తెప్పించాడు. టీ తాగుతూ ఊరికే మాటవరసకి అన్నట్టు డ్రాయరు లాగి 1911 నాటి రూపాయి ఒకటి బల్ల మీద పెట్టాడు. రాజుగారి అంగీ మీదున్న ఏనుగు పందిలా కనబడుతోందని గోలపెడితే సర్కారు వెనక్కి తీసుకుని, మరుసటేడు బొమ్మ దిద్దిన రూపాయి అది. బావగారి భూతద్దం జేబులోంచి బయటికి రావడం నేను చూశాను. ఆపలేదు.

పదిహేను పట్టుకెళ్ళిన సంచిలో పదహారు తిరిగొచ్చాయి. అక్కయ్య భూతద్దం లాక్కుని దీపం కింద చాలాసేపు చూసింది.

“చక్కగా ఏనుగులాగే ఉంది కదండీ?”

“నీ మొహం! ముమ్మాటికీ పందే. ఏనుక్కి అంత డబ్బు ఎవడిస్తాడే?”