మా రోజుల్లో రిజల్టు ఫ్లెక్సీకెక్కలేదు

పదో తరగతి ఎస్సెస్సెల్సీ రిజల్ట్స్ వచ్చిన మర్నాటికి బళ్లారిలో కరెంటు స్తంభం ఒక్కటీ ఖాళీగా ఉండదు. మా బ్రూస్‌పేటలో వీధి మలుపు తిరిగితే చాలు, అన్నీ ఫ్లెక్సీలే. 625కి 620, 618, 615. కింద పాస్‌పోర్టు ఫొటోలు, పైన నూటికి నూరు శాతమని ఎర్రక్షరాలు. మే నెల ఎండలో తండ్రులు బండ్లు ఆపుకుని, తలెత్తి ఆ నంబర్లు చదువుతారు, ఫోన్లో ఫొటో తీసుకుని పోతారు. వచ్చే నెలలో బిడ్డను ఎనిమిదిలో ఎక్కడ చేర్చాలన్నది ఆ ఫొటోలే తేలుస్తున్నాయి. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మండుతుందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

మా రోజుల్లో కాన్వెంటులో సీటు కావాలంటే మా నాయన అడిగిన ప్రశ్న ఒకటే: అక్కడ పాఠం ఎవరు చెబుతారు? లెక్కల అయ్యవారి పేరు, ఇంగ్లీషు చెప్పే ఫాదర్ పేరు ఊరంతటికీ తెలుసు. బడి పేరుకన్నా ముందు ఆ మనుషుల పేర్లే వినపడేవి. ఇప్పుడు మా వీధిలో పదిమందిని నిలబెట్టి, మీ బిడ్డకు సైన్సు చెప్పేదెవరని అడగండి. బడి యాప్ పేరు చెబుతారు, బస్సు నంబరు చెబుతారు, మేడం పేరు మాత్రం రాదు. ఆ మేడం కూడా పోయిన ఏడాది ఉన్నామె కాదు, వచ్చే ఏడాది ఉండబోయేదీ కాదు.

బళ్లారికి మిషను బడులు కొత్తవేం కాదు. లండన్ మిషను వాళ్ల వార్డ్‌లా స్కూలు 1846 నాటిది. అది ప్రొటెస్టెంటు వాళ్లది. ఆ మరుసటి ఏడే, 1847లో, విశాఖలో క్యాథలిక్కులు సెయింట్ అలోషియస్ పెట్టారు. అంటే తెలుగువాళ్లు తిరిగే ఊళ్లలో ఈ బడులకు నూటడెబ్బై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. మన బళ్లారి క్యాథలిక్ మేత్రాసనం 1949లో ఏర్పడింది. మొదటి బిషప్పు హోగన్ ఫ్రాన్సిస్కన్ సభవాడు. ఆ తర్వాత 1963 నుంచి మూడు దశాబ్దాల దగ్గర దగ్గర బిషప్పుగా ఉన్నాయన అంబ్రోజ్ యెద్దనపల్లి. ఆ ఇంటిపేరు వింటేనే మా తెలుగిళ్లలో ఒక ధైర్యం. సెయింట్ జాన్స్, సెయింట్ ఫిలోమినా లాంటి పేర్లు బళ్లారిలో క్రైస్తవులకన్నా మిగతావాళ్ల నోళ్లలోనే ఎక్కువ నలిగాయి. లింగాయతులు, కోమట్లు, కౌల్ బజారు ముస్లిములు, రాయదుర్గం వైపు నుంచి వచ్చిన రెడ్లు, రైల్వే వాళ్ల పిల్లలు, అందరికీ అవే బడులు.

ఆ బడులు మంచివని ఎందుకన్నామో ఈ కాలం తల్లిదండ్రులకు తెలియడం లేదు. ఫస్టు ర్యాంకులు వచ్చినందుకు కాదు. అరవైల నాటి సంగతి ఒకటి చెబుతాను. అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలు తప్పినవాళ్ల పేర్లు ఫాదర్ తన చేత్తో రాసుకునేవాడు. సాయంత్రం బెల్లు కొట్టాక మిగతావాళ్లు ఇళ్లకు, ఆ పిల్లలు వరండాకు. చాప పరిచి కూర్చోబెట్టేవాడు. నల్లబల్ల మీద కాదు, ఒక్కొక్కరి పలక మీద, ఒక్కొక్కరు ఎక్కడ తప్పారో అక్కడి నుంచి చెప్పేవాడు. ఎక్కాలు రానివాడికి ఎక్కాలు, భిన్నాలు రానివాడికి భిన్నాలు. చీకటిపడి కరెంటు పోతే లాంతరు వెలిగించేవాడు, తెల్ల అంగీ చేతులు పైకి మడుచుకుని మోకాళ్ల మీద కూర్చుని రెండో వరుసవాడి తప్పు దిద్దేవాడు. దానికి ఫీజు లేదు. ఇంటికి చీటీ కూడా రాలేదు, ఎందుకంటే వాడు తప్పాడన్న సంగతి అమ్మానాయనకు చెప్పుకోవడం వాడి వంతుకే వదిలేసేవాడు. ఆ వరండాలో కూర్చున్నవాళ్లలో ఒకడు తర్వాత తుంగభద్ర కాలువల మీద ఓవర్సీరు అయ్యాడు, ఇంకొకడు గుంటకల్లులో గార్డయ్యాడు. ఆ పేర్లను ఎవరూ ఫ్లెక్సీకెక్కించలేదు.

ఇప్పుడు అలా తప్పిన పిల్లల సంగతేమిటో చూద్దాం. నా కోపమంతా ఇక్కడే ఉంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ నిలపకూడదంది. 2019లో సవరించి ఆ సంగతి రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. మంచిదే, చిన్నబిడ్డను నిలబెట్టి ఏం సాధిస్తాం? కానీ జరుగుతున్నదేమిటి? ఎనిమిది దాకా బిడ్డకు వచ్చిందా రాలేదా అని చూసే నాథుడుండడు. తొమ్మిదిలోకి రాగానే తక్కెడ బయటికొస్తుంది. ఈ పిల్లవాడు పదిలో పాసవుతాడా, మన నూరు శాతాన్ని చెడగొడతాడా? చెడగొట్టేటట్టు కనిపిస్తే మార్చి నెలలో తండ్రిని పిలిపిస్తారు. కాఫీ ఇస్తారు, మర్యాదగా మాట్లాడతారు. మీవాడికి ఇక్కడి ఒత్తిడి సరిపడదు, వేరేచోటైతే హాయిగా చదువుకుంటాడంటారు. చేతిలో టీసీ పెడతారు. మా వీధిలోనే ఒక పిల్లవాడికి ఇలా జరిగింది. ఏ బడో చెప్పను, చెప్పినా వాళ్లు ఒప్పుకోరు. ఎల్‌కేజీ నుంచి పదకొండేళ్లు ఆ గేటులోంచి నడిచిన పిల్లవాడు, పదో తరగతికి ముందు ఇంకో బడికి పోయి ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య కూర్చున్నాడు. వాడిని పంపేసిన బడికి ఆ ఏడాది నూరు శాతం వచ్చింది. రాక ఏమవుతుంది? రాళ్లన్నీ ముందే ఏరిపారేసి ఎసట్లో పోసిన బియ్యం కదా.

ఆ నంబర్లంటే అంత భక్తి ఎందుకో నాకర్థం కాదు. కర్ణాటక మొత్తానికి ఎస్సెస్సెల్సీ పాసు శాతం 2023లో 83.89. 2024లో పరీక్ష హాళ్లలో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. శాతం 73.40కి పడింది, అదీ గ్రేసు మార్కులు ఎప్పటికన్నా ఎక్కువ కలిపాక. ఒక్క ఏడాదిలో పిల్లలకు తెలివి తగ్గిపోలేదు, అయ్యవార్లు పాఠం చెప్పడం మానలేదు. గోడమీద ఒక కెమెరా పెడితే ఇంత కదిలే నంబరును పట్టుకుని బిడ్డ జీవితంలో మూడేళ్లు ఎక్కడ పెట్టాలో తేలుస్తారా?

ఇంకొక మోసం. సెయింట్ అని బోర్డుంటే క్యాథలిక్ బడి అనుకుంటారు మా జనం. రియల్ ఎస్టేటు వాళ్లూ, గనులతో బాగుపడినవాళ్లూ బడి పెడితే ముందు వెతుక్కునేది ఒక పునీతుడి పేరే. అక్కడ ఫాదరూ ఉండడు, సిస్టరూ ఉండదు. మేత్రాసనానికీ ఆ బడికీ నిప్పూనీళ్లంత దూరం. అడగాల్సింది సూటిగా అడగండి: ఇది మేత్రాసనం నడిపేదా, ఏదైనా సభవాళ్లదా, కరెస్పాండెంటు ఎవరు? నిజంగా వాళ్లదైతే ఒక్క మాటలో చెబుతారు. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

నిజంగా వాళ్లదే అయినా ఇంకొక ప్రశ్న మిగులుతుంది. మా కాలంలో క్లాసులో పాఠం చెప్పే సిస్టర్లు చాలామంది ఉండేవాళ్లు. ఇప్పుడు ఆఫీసులో ఒకరిద్దరు కనిపిస్తే గొప్ప. ఎయిడెడ్ పోస్టు ఖాళీ అయితే సర్కారు నింపేదాకా ఏళ్లు పడుతుంది, ఆ లోగా తక్కువ జీతానికి ఎవరో వస్తారు, పోతారు. దీనికి సిస్టర్లను తప్పుపట్టను. వాళ్లే తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు. కానీ మేడలు కట్టడానికి డబ్బులు దొరుకుతున్నప్పుడు, టీచరుకు నిలబడేంత జీతం ఎందుకు దొరకదో వాళ్లు చెప్పాలి. విజయవాడ పద్ధతి కార్పొరేటు వాళ్లను చూసి వీళ్లూ ఎనిమిది నుంచే ఐఐటీ ఫౌండేషనంటూ ప్రత్యేక సెక్షన్లు పెట్టడం మొదలుపెట్టారు. ఆ సెక్షనుకు మంచి టీచర్లు, ఇటు మిగిలిన సెక్షన్లకు మిగిలినవాళ్లు. ఏసుప్రభువు పేరు మీద నడిచే బడి చేయాల్సిన పనేనా ఇది?

పేదపిల్లల సంగతీ అంతే. విద్యాహక్కు చట్టప్రకారం ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేదలకివ్వాలి. మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ హక్కు రాజ్యాంగం ఇచ్చింది, కాదనను. అయినా చట్టం అడగకపోతే మాత్రం? మా బెంచీలో ఒకవైపు సౌకారు కొడుకు, ఇంకోవైపు కౌల్ బజారులో గాజులమ్మే ఆయన కొడుకు. వాళ్లిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టమని ఫాదర్‌కు ఏ కోర్టూ చెప్పలేదు.

మా తెలుగువాళ్లకు ఇంకొక చిక్కుంది. 1953 అక్టోబరు ఒకటిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరులో కలిసింది. మేమిక్కడే ఉన్నాం, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆ రెండూ మాకు సొంతమే, బళ్లారి రాఘవ నాటకాలాడిన ఊరు ఇది. కన్నడం నేర్పి తీరాలని 2015లో రాష్ట్రం చట్టం చేసింది, దాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఇక్కడ బతికేవాడికి ఇక్కడి భాష రాకపోతే ఎలా? కానీ మొదటి భాషకు 125 మార్కులు, మిగతా ఐదింటికీ నూరేసి. ఎక్కువ మార్కులు వచ్చే భాషేదో బడివాళ్లు లెక్కవేసి బిడ్డకు అదే అంటగడతారు. మా బడిలో తెలుగు పండితుడొకాయన ఉండేవాడు. ఆయన పద్యం చదువుతుంటే పక్క క్లాసులో కన్నడ మేష్ట్రు పాఠం ఆపి వినేవాడు. ఇప్పుడు తెలుగు నేర్పుతారా అని అడిగితే కౌంటరులో కూర్చున్న అమ్మాయి మొహం చిట్లిస్తుంది. మా మనవళ్లకు రాయదుర్గం బస్సు బోర్డు చదవడం రాదు.

మా పక్కింటి అబ్బాయి జీన్స్ యూనిట్లో కటింగ్ మాస్టరు. కూతురు ఏడు ముగించింది. ఈ వేసవిలో రెండు బడుల కాగితాలు పట్టుకొచ్చి, ఏది మంచిదో చెప్పు మామా అన్నాడు. రెండూ నిజంగా సిస్టర్లవే. ఒకదానికి నూరు శాతం, ఇంకోదానికి కొంచెం తక్కువ. ఆ నంబర్లు పక్కన పెట్టు నాయనా అన్నాను. ఆదివారం కాదు, పని దినాన పో. సాయంత్రం బెల్లు కొట్టేటప్పుడు గేటు బయట నిలబడి పిల్లల మొహాలు చూడు. తర్వాత లోపలికి పోయి మూడు సంగతులు అడుగు. రెండేళ్ల కింద ఎనిమిదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమంది ఇక్కడే పది రాశారు? లెక్కల మేడం ఎన్నేళ్ల నుంచి ఉంది? తొమ్మిదిలో బిడ్డ వెనకబడితే సాయంత్రం ఎవరు కూర్చుని చెబుతారు? డొనేషను మాట వాళ్లెత్తితే రసీదు అడుగు.

సెలవు పెట్టుకుని రెండు చోట్లకూ పోయొచ్చాడు. నూరు శాతం బడిలో మొదటి ప్రశ్నకే, అలాంటి లెక్కలు మేం బయటికివ్వమన్నారట. రెండోదాంట్లో హెడ్‌మిస్ట్రెస్ సిస్టరు అటెండరును పిలిచి రిజిస్టర్లు తెప్పించిందట. ఎనిమిది నుంచి పదికి నలుగురు తగ్గారు. ఒకరి నాయనకు తోరణగల్లుకు బదిలీ, ఇద్దరు సొంతూరికి, ఒక అమ్మాయికి పెళ్లి చేసేశారు. ఆ నాలుగోదాని గురించి చెబుతూ ఆమె కళ్లజోడు తీసి బల్లమీద పెట్టిందట. పోలీసులకు చెప్పినా ఆపలేకపోయామని అన్నదట. సాయంత్రం చదువు ఉంది, చెప్పేది ఆమే. లెక్కల మేడం పద్నాలుగేళ్ల నుంచి అక్కడే.

ఫారం అక్కడే నింపాడు. మైదానం మాత్రం చిన్నదట, సగం బస్సులకే పోయిందట. దాని గురించి తల్లిదండ్రుల మీటింగులో అడగమని చెప్పాను.