నవోదయకి మేమంతా చదివాం

మా మేనల్లుణ్ని నవోదయలో చేర్పించాలని మా చెల్లెలు వాడు మూడో తరగతిలోకి వచ్చినప్పుడే తీర్మానించింది. మూడో తరగతే ఎందుకంటే, దానికో లెక్కుంది. నవోదయ ఆరో తరగతిలో 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలకి. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పల్లెలోని బడిలోనే చదివుండాలి. ఈ సంగతి తెలిసిన పట్నం పెద్దమనుషులు కొందరు సరిగ్గా ఆ సమయానికి పిల్లాణ్ని అమ్మమ్మగారి ఊళ్ళో చేరుస్తారు. ఏనాడూ పొలంగట్టు తొక్కనివాళ్ళకి ఆ మూడేళ్ళూ పల్లె మీద పుట్టుకొచ్చే ప్రేమ చూస్తే గాంధీగారు కళ్ళు తుడుచుకునేవారు.

మా చెల్లెలికి ఆ అవస్థ లేదు. వాళ్ళది గురజాల పక్క పల్లె, మిరప చేలు. అవస్థంతా నాది. కోచింగేమో నరసరావుపేటలో, నరసరావుపేటలో ఉన్నదేమో నేను. దసరా సెలవులకి వాణ్ని, ఒక గైడుని, జంతికల డబ్బాని మా ఇంట్లో దింపి, "అన్నయ్యా, వీడి సీటు ఇంక నీ చేతుల్లో ఉంది" అనేసి బస్సెక్కింది.

పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. లెక్కలకి 25, భాషకి 25. వీటికి భయపడలేదు. మిగతా 50 మార్కులూ మానసిక సామర్థ్యమట. అంటే అన్నీ బొమ్మలే. ఈ బొమ్మ అద్దంలో ఎట్టా కనపడుతుంది? కాగితం మడిచి చిల్లు పొడిచి విప్పితే ఎక్కడెక్కడ చిల్లులుంటాయి? ఇన్నేళ్ళు ఆఫీసులో ఫైళ్ళు తిప్పినవాణ్ని, ఆ చిల్లు దగ్గర కూలబడ్డాను. వాడు చూడకుండా వంటింట్లోకి పోయి, కాగితం మడిచి, పొడిచి, విప్పి చూసుకొని, అప్పుడే బుర్రలో తట్టినట్టు వచ్చి చెప్పేవాణ్ని. పాలచీటీకి చిల్లులు, కరెంటు బిల్లుకి చిల్లులు. వాణ్ని చూడటానికొచ్చిన మా బావ అయితే చేతికందిన కాగితం మీద ప్రయోగం చేశాడు. తీరా చూస్తే అది ఆయన పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు. చిల్లు సరిగ్గా సర్వే నంబరు మీద పడింది.

బావకి లెక్కలు అప్పగించాను. "ఒక వ్యాపారి సరుకు 400 రూపాయలకి కొని 460కి అమ్మాడు. లాభశాతమెంత?" పిల్లాడు 15 అన్నాడు.

"ఎట్టా వచ్చిందిరా లాభం? దళారీ కమీషన్ తీశావా? లారీ కిరాయి? హమాలీ కూలీ?" అని బావ మీదపడ్డాడు.

"అవి ప్రశ్నలో లేవు నాన్నా."

"ప్రశ్నలో లేకపోయినా యార్డులో ఉంటాయి కదరా." ఏళ్ళ తరబడి గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు తోలిన మనిషాయన. ఆయన లెక్కలో ఆ వ్యాపారికి నష్టమే వచ్చింది. నాకూ అదే నిజమనిపించింది గాని, గైడు చివరి పేజీలో జవాబు 15 అనే ఉంది.

నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నదాన్ని గుర్తించే ప్రశ్నలు మాత్రం వాడు ఒక్కటీ తప్పడు. కోచింగులో మాస్టారు దానికేదో పద్ధతి చెప్పారట, మర్యాద కోసం విన్నాడట. "నీకెట్టా తెలుస్తుందిరా?" అంటే, "కల్లంలో నాయనమ్మతో తాలుకాయలు ఏరతా కదా మామయ్యా" అన్నాడు. గైడుకి, ఫీజుకి పోసిన డబ్బు గుర్తొచ్చి నేనింకేం అడగలేదు.

ఈ పరీక్షకి ఇంకో మెలిక ఉంది. ఒకసారి రాసినవాడు మళ్ళీ రాయడానికి లేదు. అందుకే పెద్దవాళ్ళకి అంత వణుకు. 1972లో తాడికొండ గురుకులం పెట్టిన దగ్గర్నించీ మా వైపు ఈ జబ్బు ఉంది. నడివయసు దాటిన మగాణ్ని ఎవర్ని కదిపినా తాడికొండ సీటు ఒక్క మార్కులో పోయిందంటాడు. ఇంతమందికి తగ్గిన ఆ మార్కులన్నీ పోగేస్తే ఇంకో గురుకులం పెట్టొచ్చు.

నవోదయలు 1986 జాతీయ విద్యా విధానం పుణ్యం. పల్లెల్లోని చురుకైన పిల్లల్ని ఏరి, హాస్టలు పెట్టి, తిండీ చదువూ ఉచితంగా ఇచ్చే కేంద్రప్రభుత్వ బడులు. మాకు దగ్గర్లోది చిలకలూరిపేట పక్కన మద్దిరాలలో ఉంది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా, ఏడేళ్ళు అక్కడే. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి వర్గం కోడిపందెంలో ఓడి మాచర్ల విడిచిపోయింది కూడా ఏడేళ్ళకే. కాకపోతే అప్పుడు ఓడినవాళ్ళు ఇల్లు వదిలారు, ఇప్పుడు గెలిచినవాడు వదలాలి. పైగా తొమ్మిదో తరగతిలో కొందర్ని ఒక ఏడాది హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపుతారు. ఈ ముక్క మా అమ్మకి చెప్పొద్దనుకున్నాం. ఎవరో చెప్పేశారు.

"గెలిస్తే అంత దూరం పంపుతారా? అయితే ఓడమనండి" అంది.

పరీక్షనాడు గేటు బయట మా బలగమంతా నిలబడ్డాం. చుట్టూ తల్లులు దణ్ణాలు పెట్టుకుంటున్నారు, తండ్రులు గైడు తిరగేస్తున్నారు. లోపలికి పోయే పిల్లలు మాత్రం పెన్ను మూతలు కొరుక్కుంటూ కబుర్లాడుకుంటున్నారు. మావాడు బయటికి రాగానే చిల్లుల ప్రశ్నలు వచ్చాయా అని అడిగాను. "వచ్చాయి. భయపడకు మామయ్యా, నువ్వు చెప్పినట్టు పెట్టలేదులే" అన్నాడు.

ఫలితాలు ఇంకా రాలేదు. బంధుమిత్రులు దయచేసి ఫోన్లు చెయ్యొద్దు. సీటొస్తే ట్రంకుపెట్టె కొనడానికి పోతూ మేమే చెబుతాం. రాకపోతే ఏం చెప్పాలో బావా నేనూ ముందే అనుకున్నాం: ఒక్క మార్కులో పోయింది.