సారమేయుడికి లోకజ్ఞానం

కుక్కపిల్లను తోటి కుక్కలకూ, కొత్త మనుషులకూ, ఊరి చప్పుళ్లకూ బెదరకుండా అలవాటు చేసే క్రమాన్ని పశువైద్యులు సోషలైజేషన్ అని వ్యవహరిస్తారు. ఈ క్రమానికి ప్రకృతి ఇచ్చిన గడువు బహు స్వల్పమని, అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కుక్కలను పెంచి పరిశీలించిన స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు 1965లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. పుట్టిన 3వ వారం మొదలు సుమారు 12వ వారం దాకా పిల్ల కొత్తది ఏది కనిపించినా దగ్గరికి వెళ్లి మూతి పెట్టి చూస్తుంది. ఆ తరువాత కొత్తది కనిపిస్తే ముందు వెనక్కి తగ్గి, అనుమానించి, ఆపైన అరుస్తుంది. మనుషులలో ఈ రెండో దశ సొంత ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిన మరునాడు మొదలవుతుందని కొందరి అభిప్రాయం గాని, దానికి ప్రయోగశాల ఆధారాలు లేవు.

చిక్కంతా టీకాల దగ్గర ఉంది. పేగులను దెబ్బతీసి పిల్లను కొద్ది రోజుల్లోనే పొట్టన పెట్టుకునే పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉండి, చెప్పుల అడుగున కూడా ప్రయాణం చేయగలదు కనుక, 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున దాదాపు 16వ వారం దాకా సూదులు వేయిస్తారు. అవన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించని జాగ్రత్తపరుల ఇంట పిల్ల లోకంలోకి రావడం, ముహూర్తం దాటాక పురోహితుడు పీటల మీదికి రావడం వంటిది. అందుకే అమెరికాలోని జంతుప్రవర్తన పశువైద్యుల సంఘం, మొదటి టీకా పడి కనీసం 7 రోజులు గడిస్తే శుభ్రమైన చోట మెల్లగా పరిచయాలు మొదలుపెట్టవచ్చని చెబుతుంది. నేల మీద దించకుండా చంకన వేసుకుని వీధి చివరిదాకా తిప్పడం, టీకాలు సక్రమంగా వేయించిన పెద్ద కుక్క ఉన్న ఇంటికి పేరంటానికి తీసుకుపోవడం ఈ మధ్యేమార్గంలోని భాగాలే.

మనుషుల పరిచయంలో సంఖ్య కన్న వైవిధ్యం ముఖ్యం. ఇంట్లో నలుగురినే చూసిన పిల్ల దృష్టిలో హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు ముఖం లేని తలకాయ; గొడుగు అప్పటికప్పుడు ఉబ్బే మృగం; చేతికర్రతో వచ్చే తాతగారు మూడు కాళ్ల జీవి; ఉల్లిపాయల ఆటో మైకు సంగతి చెప్పనే అక్కరలేదు. వీటిని దూరం నుంచి చూపించి, పిల్ల తనంతట తాను అడుగు వేసినప్పుడు చిన్న చికెన్ ముక్క పెట్టి, అది వెనక్కి తగ్గితే ఊరుకోవాలని శాస్త్రం. ఆచారం వేరు. మెడపట్టీ పట్టి ఈడ్చుకువచ్చి, తరతరాలుగా తెలుగు తప్ప మరొకటి వినబడని ఇంట్లో కూడా “గో రా, అంకుల్‌కి షేక్‌హ్యాండ్ ఇవ్వు” అని ఇంగ్లీషులో బతిమాలతారు. ఎదుటివారు మెట్ల మీదనే ఆగిపోయి “కరవదు కదండీ?” అంటారు. “అబ్బే, చిన్నపిల్లండీ, ఏమీ చేయదు” అని యజమాని అంటుండగానే, సూదుల్లాంటి పాలపళ్లతో అది వారి పంచె అంచును పరీక్షిస్తుంది. పిల్లలైతే “అమ్మో కుక్క!” అని పరుగెత్తుతారు, పరుగెత్తేదానిని తరమడం ఆట అని కుక్కపిల్లకు వేరే ఎవరూ నేర్పనక్కరలేదు.

పెద్దలు కుక్కపిల్లల విషయంలో తొందరపడితే ఏమవుతుందో నన్నయ 11వ శతాబ్దంలోనే తెనిగించి పెట్టాడు. జనమేజయుడి యాగశాలకు ఆడుకుంటూ వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను రాజుగారి తమ్ముళ్లు కొట్టగా, దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వెళ్లి నిలదీసి శపించింది. ఇప్పటి సరమలకు శాపశక్తి లేకపోయినా, అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలను నిషేధించరాదనీ లిఫ్టు ఎక్కనీయకుండా ఆపరాదనీ భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిని ఫోనులో దాచుకుని తిరిగే యజమానులూ ఉన్నారు.

కుక్కలతో కుక్కల పరిచయం ఇంతకన్న నాగరికంగా సాగుతుంది. ముందు ఒకదాని తోక కింద మరొకటి వాసన చూస్తుంది. అక్కడి గ్రంథులు విడిచే వాసనలో ఆడో మగో వంటి వివరాలు ఉంటాయట. పిమ్మట పిల్ల ముందుకాళ్లను మోచేతుల దాకా నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి తోక ఊపుతుంది. ఇక నుంచి జరిగే కాట్లన్నీ ఉత్తుత్తివే అని దీనితో ముందే ప్రకటించినట్టు లెక్క. పిల్ల హద్దు మీరి చెవి గట్టిగా కొరికినప్పుడు పెద్ద కుక్క ఒక్కసారి గుర్రుమంటుంది. పిల్ల వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పో తెలిపే పాఠం అక్కడితో ముగుస్తుంది, దానిని మనిషి ఇంత చక్కగా చెప్పలేడు. కాని సరిగ్గా ఆ క్షణానే యజమాని “అయ్యో బంగారం!” అని పిల్లను ఎత్తుకుని గుండెకు హత్తుకుంటాడు, కుక్కలంటే భయపడవలసినవే కాబోలని పిల్ల అప్పుడు తెలుసుకుంటుంది. రెండో యజమాని తన కుక్క పెంపకం గురించి పడ్డ మాటకు బదులు చెబుతాడు, విషయం కాలనీ వాట్సాప్ గ్రూపుకు ఎక్కుతుంది. మరునాటి సాయంత్రం గేటు దగ్గర రెండు కుక్కలూ యథావిధిగా తోకల కింద వాసన చూసుకుంటూ ఉండగా, గొలుసులు పట్టుకున్న ఇద్దరూ చెరొక వైపు తిరిగి ఫోన్లు చూసుకుంటారు.